మేనమామ చెవిలోంచి పొగ

మనిషి చెవుల్లోంచి పొగ రావడం మీరు కార్టూన్ బొమ్మల్లో చూసి ఉంటారు. మా ఇంట్లో దాన్ని కళ్లారా చూసినవాళ్లు ఇద్దరున్నారు: మా అక్క, మా మేనకోడలు. ఆ చెవి నాది. పొగ పెట్టిందీ నేనే. ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తిగా సొంత తెలివితో చేసుకున్న ఘనకార్యం అది. చెబుతాను, తనివితీరా నవ్వుకోండి. కాకపోతే కాస్త ఓపిక పట్టండి, ఎందుకంటే ఈ కథలో నేను దండం పెట్టుకోవలసినవాళ్లు చాలామంది ఉన్నారు.

అప్పుడు నేను నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చిన్న షెడ్డులో లేజర్ కటింగ్ మెషిన్ ఆపరేటర్ని. డాక్టర్ల నేమ్ ప్లేట్లు, దుకాణాల బోర్డులు, కొత్తగా ఇల్లు కట్టినవాళ్లకు గోడ మీద అతికించుకునే అక్షరాలు, ఇవీ మా సరుకు. కంప్యూటర్లో గీత గీస్తే చాలు, కంటికి కనబడని కిరణం ఒకటి ఆ గీత వెంట పరుగెత్తి ప్లాస్టిక్ షీటును వెన్నలా కోసేస్తుంది. ఆ పని చూస్తూ కూర్చుంటే నేనే కోస్తున్నట్టు ఉండేది. గొప్పతనం మెషిన్‌ది, గర్వం నాది. పని నేర్చుకుని ఏడాది కూడా కాలేదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు, కొత్త ఆపరేటర్ ఒళ్లే ఎరగడు.

షెడ్డుకు నాలుగు సందుల అవతల మా సుజాతక్క ఇల్లు. బావకు ఎప్పుడూ ఏదో ఒక షిఫ్టు డ్యూటీ, అందుకని ఇంటికి మగదిక్కుగా నేనూ అక్కడే ఉండేవాణ్ణి. అంటే మూడు పూటలా అక్కడే తినేవాణ్ణి. వాళ్ల పాప చిన్నికి ఐదో ఏడు నడుస్తోంది, ఇంకా చెవులు కుట్టించలేదు. ఏడాదిలోపు కుట్టిద్దామంటే ఇంట్లో పెద్దాయన పోయారు. మూడో ఏట కుట్టిద్దామంటే పిల్లకు జ్వరం. ఐదో ఏటికి వచ్చేసరికి అసలు చిక్కు మొదలైంది. ఏడాది పిల్లకు ఏం చేయబోతున్నారో తెలియదు, ఐదేళ్ల పిల్లకు అన్నీ తెలుసు. పైగా పక్కింటి పాపకు కుడుతుంటే చిన్ని ముందు వరుసలో నిలబడి చూసింది. ఆ రోజు నుంచి కమ్మలన్న మాట వినబడితే చాలు, రెండు చేతులతో రెండు చెవులూ మూసుకుని మంచం కింద దూరేది.

మాలో చెవులు కుట్టేటప్పుడు పిల్లను మేనమామ ఒడిలో కూర్చోబెడతారు. కమ్మలు పెట్టేదీ మేనమామే. కాబట్టి పిల్లను మంచం కిందనుంచి బయటికి రప్పించే బాధ్యత కూడా నాదే అని అక్క తీర్మానించింది. నేను నేల మీద బోర్లా పడుకుని మంచం కిందికి మాట్లాడాను.

“నొయ్యకుండ కుట్టిస్త బిడ్డా. రా.”

“అబద్ధం. గా పాప ఎంత ఏడ్సింది.”

“నీకు నొయ్యదు. నేను జెప్తున్న గద.”

“ఒట్టు?”

“ఒట్టు.”

ఒట్టు పెట్టడానికి మనకు ఖర్చేమీ ఉండదు. ఐదేళ్ల పిల్ల మాత్రం దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. చిన్ని వెంటనే బయటికి వచ్చి నా మెడ పట్టుకుంది. అంత నమ్మకం నా మీద అంతకుముందు ఎవరూ పెట్టలేదు, మా షెడ్డు సేటు కూడా. సూది గుచ్చితే ఆ నమ్మకం పోతుంది. ఏం చేయాలా అని ఆలోచిస్తూ మర్నాడు మెషిన్ ముందు కూర్చున్నాను. మెషిన్ ఒక బోర్డుకు మేకులు దిగడానికి నాలుగు మూలలా నాలుగు రంధ్రాలు చేస్తోంది. గుండ్రంగా, నున్నగా, చప్పుడు లేకుండా. అంతే, నా బుర్రలో బల్బు వెలిగింది. అది వెలగకుండా ఉంటే ఎంత బాగుండేదో.

సాయంత్రం అక్క రొట్టెలు చేస్తుంటే శుభవార్త చెప్పాను.

“అక్కా, చిన్ని చెవులు లేజర్‌తోని కుడత. సూది లేదు, రక్తం లేదు. కన్ను మూసి తెరిచేలోపట అయిపోతది.”

“నీ లేజర్ బోర్డులు గదరా కోసేది.”

“బోర్డులనే గట్ల కోస్తే చెవి ఎంత? పెద్ద పెద్ద దవాఖానాలల్ల కండ్ల ఆపరేషన్ గూడ లేజర్‌తోనే జేస్తున్రు.”

“ఆళ్లు డాక్టర్లు.”

“ఆ డాక్టర్ల నేమ్ ప్లేట్లు కోసేది ఎవరనుకున్నవ్?”

ఈ వాదనలో లోపం ఎక్కడుందో మీకు ఈపాటికే కనబడి ఉంటుంది. నాకు కనబడలేదు. అక్కకు కనబడింది.

“గోటితోని పోయేదానికి గొడ్డలెందుకురా? బంగారం పని జేసే అవుసలాయన సూదితోని ఒక్క నిమిషంల కుడతడు.”

“నొయ్యదని ఒట్టు పెట్టిన అక్కా.”

అక్క పీట మీద రొట్టెను తిప్పి, నా వైపు చూసి, నెమ్మదిగా చెప్పింది. “అయితే ముందుగాల నీ చెవి కుట్టుకో. నా ముంగట కుట్టుకో. ఆ తర్వాతనే నా బిడ్డ చెవి ముట్టు.”

నాకు రోషం వచ్చింది. శాస్త్రవేత్తను అనుమానించినట్టు అనిపించింది. అయినా పద్ధతి ప్రకారం వెళ్దామని మర్నాడు మధ్యాహ్నం తోలుతో ఉన్న కోడి ముక్క ఒకటి తెచ్చి, షెడ్డులో అందరూ భోజనాలకు వెళ్లాక మెషిన్‌లో పెట్టాను. చిన్న సున్నా గీసి బటన్ నొక్కాను. చుయ్‌మంది. రంధ్రం పడింది. అంచులు కొంచెం నల్లబడ్డాయి, కమ్మటి వాసన వచ్చింది, రెండు వీధికుక్కలు వచ్చి గడప దగ్గర మర్యాదగా కూర్చున్నాయి. కోడి మాత్రం కిక్కురుమనలేదు. నొప్పి ఉండదని నాకు రూఢి అయిపోయింది. ఆ కోడి పొద్దుననే చచ్చిపోయి ఉందన్న సంగతి నా పరిశోధనలో ఎక్కడా అడ్డు రాలేదు.

అది తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న కాలం. కోడి పరీక్ష అయిన రెండు రోజులకు ఒక బంద్ వచ్చింది. షెడ్డు మూత, తాళంచెవి నా దగ్గర. అక్కనూ చిన్నినీ ప్రదర్శనకు పిలుచుకెళ్లాను. మెషిన్ మూత తెరిస్తే కిరణం ఆగిపోయే ఏర్పాటు ఒకటి ఉంటుంది. మూత వేస్తే నా తల పట్టదు కాబట్టి ఆ ఏర్పాటును ఏమార్చాను. ఎలాగో చెప్పను. చదివేవాళ్లలో నాలాంటివాడు ఒక్కడైనా ఉంటాడు.

అక్క ఊరికే నిలబడితే సణుగుతూనే ఉంటుందని ఆమెకు ఒక పని అప్పజెప్పాను. మెషిన్ పక్కనున్న పెద్ద ఎర్ర బటన్ చూపించి, “ఇది నొక్కితే మొత్తం బంద్ అయితది. నువ్వు దీని కాడ నిలబడు,” అన్నాను. నిజానికి అది చిన్నపిల్లాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని స్టీరింగ్ పట్టుకోనిచ్చినట్టు ఇచ్చిన పని. అక్క మాత్రం కొంగు నడుముకు దోపుకుని, బటన్ మీద అరచెయ్యి పెట్టి నిలబడింది.

నేను మోకాళ్ల మీద కూర్చుని, చెంప మెషిన్ లోపల ఆనించి, చెవి తమ్మె కదలకుండా టేపు వేశాను. కోడికి సున్నా చుట్టూ ఒక్క తిరుగుడు చాలింది కానీ, సొంత చెవి కదా, పని గట్టిగా ఉండాలని నాలుగైదు తిరుగుళ్లు పెట్టాను. ఇక జాగ్రత్త అంటారా, కళ్లు గట్టిగా మూసుకున్నాను. నేను తీసుకున్న జాగ్రత్త అదొక్కటే.

“జర భద్రంరా తమ్మీ.”

“ఫికర్ జెయ్యకక్కా,” అని చెయ్యి చాచి స్టార్ట్ బటన్ నొక్కాను.

మొదట చుయ్‌మన్న చప్పుడు చాలా దగ్గరగా వినబడింది. తర్వాత మొన్నటి కోడి వాసనే వచ్చింది. నొప్పి ఇంకా బయల్దేరి దారిలో ఉండగానే చిన్ని గొంతు వినబడింది, ఎంతో ప్రశాంతంగా.

“అమ్మా, మామ చెవిలకెళ్లి పొగ వస్తుంది.”

అప్పుడు నొప్పి వచ్చింది. దాన్ని వర్ణించలేను. లేవబోతే తమ్మె టేపుకు అతుక్కుని ఉంది, లేవకపోతే మెషిన్ రెండో తిరుగుడుకు వస్తోంది. నేను అరిచిన అరుపుకు, వాసన పట్టి మళ్లీ గడప దగ్గర చేరిన కుక్కలు పారిపోయాయి. ఆ క్షణంలో అక్క ఎర్ర బటన్ నొక్కలేదు, గుద్దింది. మెషిన్ ఊపిరి పోయినట్టు ఆగిపోయింది.

“బతికున్నవారా?”

“ఉన్ననక్కా.”

“అయితే లే,” అని టేపు పీకి నన్ను లేపి, కాలని వైపు చెంప మీద ఒక్కటిచ్చింది. తర్వాత చిన్నిని దగ్గరికి లాక్కుని, ఆ పిల్ల చెవులు రెండూ తడిమి చూసి, “ఇది నా బిడ్డ చెవి అయితే ఏంది నా గతి?” అంది. అంతవరకూ నా ధ్యాసంతా నా చెవి మీదే ఉంది. ఆ మాటతో చిన్ని వైపు చూశాను. నేను ఒట్టు నిలబెట్టుకోవాలనే తాపత్రయంలో ఆ చిన్న తలను ఈ మెషిన్‌లో పెట్టబోయాను. అక్క పెట్టిన ఆ ఒక్క షరతే లేకపోతే పెట్టేసేవాణ్ణి. ఇప్పటికీ అది తలుచుకుంటే నాకు నవ్వు రాదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారు. మేము చెవి కాలాక కుళాయి పట్టుకున్నాం. చాలాసేపు నీళ్ల కింద చెవి పెట్టి, తడి గుడ్డ అడ్డం పెట్టుకుని రోడ్డు మీదికి వచ్చాం. ఆటోలు లేవు, దగ్గర్లో క్లినిక్కులు తెరిచి లేవు. చౌరస్తాలో రోడ్డుకు అడ్డంగా రాళ్లు పేర్చి బంద్ చేయిస్తున్న కుర్రాళ్లు నన్ను చూశారు.

“ఏమైందన్నా? పోలీసోళ్లు కొట్టిన్రా?”

నేను నోరు తెరిచేలోపే ఇంకొకడు, “సక్కగ చెవి మీదనే కొట్టిన్రు సూడు,” అన్నాడు. నేను తెరిచిన నోరు మూసుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఆ కాసేపు నొప్పి కూడా తగ్గినట్టు అనిపించింది. అక్క ఏదో చెప్పబోతే బైకుల చప్పుడులో వినబడలేదు. ఒక బైకు మీద నేను, ఇంకో బైకు మీద అక్కా చిన్నీ. ఉప్పల్ దాకా అడ్డం పెట్టిన రాళ్లన్నీ జరిపి, “అన్నకు తొవ్వ ఇడువున్రి,” అంటూ తీసుకెళ్లారు. మంత్రులకు కూడా ఆ రోజుల్లో అంత మర్యాద జరగలేదు.

ఉప్పల్‌లో తెరిచి ఉన్న చిన్న దవాఖానాలో డాక్టరు గారు కోస్తా వైపు మనిషి, పెద్దాయన. కుర్రాళ్లంతా గుమ్మంలో నిలబడ్డారు. ఆయన గుడ్డ తీసి చూశారు.

“ఇది దెబ్బ కాదే, కాలింది. ఎలా కాలింది?”

“లేజర్ సార్,” అన్నాను, వీలైనంత చిన్నగా.

“లేజరా? ఏ క్లినిక్‌లో చేయించుకున్నావు?”

“క్లినిక్ గాదు సార్. కార్ఖానాల.”

“ఎవరు చేశారు?”

“నేనే.”

“ఎందుకయ్యా?”

నేను నేల చూపులు చూస్తుంటే చిన్ని ఆదుకుంది. “నాకు చెవులు కుట్టనీకి.”

డాక్టరు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని నన్ను చూశారు. “అది కుట్టదు నాయనా, కాలుస్తుంది. ఇంకాసేపు ఆడి ఉంటే తమ్మె ఉండేది కాదు. కాస్త ఇటు జరిగి ఉంటే కన్ను ఉండేది కాదు. ఎవరు ఆపారు?”

“మా అక్క సార్.”

“రోజూ పొద్దున్నే ఆవిడకి దండం పెట్టుకో,” అని తెల్లటి మందు రాసి, కట్టు కట్టి, సూది మందు కూడా పొడిచారు. సూది తప్పించుకోవడానికి ఇంత చేసినవాడికి చివరికి సూదే గతి అయింది.

గుమ్మంలో కుర్రాళ్లు అన్నీ విన్నారు. నాకు తల తిప్పే ధైర్యం లేదు. చివరికి నన్ను బైకు మీద తెచ్చిన కుర్రాడు అడిగాడు. “అన్నా, మేమంటే రాష్ట్రం కోసం కొట్లాడుతున్నం. నువ్వు దేనికోసం కొట్లాడినవే?”

“కమ్మల కోసం,” అంది అక్క.

గుమ్మం మొత్తం నవ్వింది. డాక్టరు గారూ నవ్వారు. కానీ ఆ కుర్రాళ్లు నన్ను అక్కడ వదిలేసి పోలేదు. నవ్వుతూనే మందుల దుకాణం తెరిపించి, నవ్వుతూనే ముగ్గుర్నీ నాచారంలో ఇంటి ముందు దింపారు. వాళ్ల పేర్లు కూడా నేను అడగలేదు. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

తర్వాత రోజూ అక్క నా చెవికి మందు రాస్తుంటే చిన్ని పక్కన కూర్చుని ఊదేది. కట్టు విప్పినప్పుడల్లా నేను పెట్టే ముఖాలన్నీ శ్రద్ధగా చూసేది. ఒకరోజు అడిగింది.

“మామా, అవుసలి తాత సూది గూడ గింత నొస్తదా?”

“లే బిడ్డా. సూది చీమ కుట్టినట్టు ఉంటది. నేనే అబద్ధం జెప్పిన. జర నొస్తది, జెప్పున పోతది.”

చిన్ని నా చెవిని కాసేపు చూసి ఆలోచించుకుంది. “అయితే సూదితోనే కుట్టించు. నీ మెషిన్ వద్దు.”

నా ఒట్టు చేయలేని పని నా కాలిన చెవి చేసింది. మంచి రోజు చూసుకుని ఉప్పల్ నుంచి అవుసలాయనను పిలిచారు. ఆయన వచ్చి, నా ఒడిలో ఉన్న పిల్లనూ కట్టుతో ఉన్న నన్నూ చూసి, “ఎవరికి కుట్టాలె?” అని అడిగాడు. చుట్టాలు పడిపడి నవ్వారు. ఆయన సూది తీసేసరికి చిన్ని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మొదటి చెవికి “స్స్” అంది, రెండో చెవికి కళ్లలో నీళ్లు తిరిగాయి, ఏడవలేదు. ఏడ్చింది నేను. ఆ బుజ్జి తమ్మెలు రెండూ ఉండవలసిన చోట ఉండవలసినట్టు ఉన్నాయని ఏడ్చాను. “ఏందిది, పిల్ల ఊకున్నది, మామ ఏడుస్తుండు,” అని ఎవరో అంటే, చిన్ని తిరిగి, “మా మామకు చెవి నొస్తుంది, ఏమనకున్రి,” అని గద్దించింది.

నా చెవి మానాక అందరం ఆత్రంగా చూశాం. రంధ్రం లేదు. పెసరగింజంత మచ్చ ఉంది, అంతే.

మొన్న చిన్ని వచ్చింది. ఇప్పుడు ఆ పిల్ల నా భుజం దాటి పెరిగింది. ముక్కు కుట్టించుకుంటానంది. ఎక్కడమ్మా అని అడిగాను.

“నీ దగ్గర తప్ప యాడైనా సరే మామా.”

కాబట్టి కాలిన తమ్మె సాక్షిగా, అక్క అరచెయ్యి సాక్షిగా ఇందుమూలంగా ప్రకటించుకుంటున్నాను. ముక్కుపుడక నేనే కొంటాను. దగ్గరుండి నేనే తీసుకెళ్తాను. అవసరమైతే తన బదులు నేనే ఏడుస్తాను. కుట్టే పని మాత్రం, నా కట్టె కాలేదాకా, సూదికే వదిలేస్తాను.