సీసా అడుగున ఆకాశం

మా బస్తీ నర్సమ్మగారు పోయారు. మంగళవారం పొద్దున పంపు దగ్గర ఉండగా కబురు వచ్చింది. నిద్రలోనే పోయారట. నా ముందున్న బిందె నిండి పొర్లుతున్నా ఎవరూ పంపు కట్టలేదు. ఆవిడ చూసి ఉంటే కేకలేసేవారు.

నేను మా ఊళ్లో ఐదో తరగతి దాకానే చదివాను. నలుగురిలో నోరు విప్పడం నాకు చేతకాదు. సినిమాలు మద్రాసు నుంచి ఇటు వస్తుంటే వాటి వెంట వచ్చి, ఫిలింనగర్‌లో సెట్లకు రంగులు వేసుకుని బతికాను. ఆవిడ గురించి తెలిసినంత రాస్తున్నాను. "చూసింది చెప్పండి, ఇంకోటి కలపకండి" అనేవారు. అలాగే రాస్తాను.

సర్కారు ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యాక మా వీధి చివర ఒక్కరే ఉండేవారు. కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవులు. తెల్లచీర, రబ్బరు చెప్పులు, సంచికి దారంతో కట్టిన పెన్సిలు. ఎవరింటికి వెళ్లినా నీళ్లకుండ మీద మూత ఉందో లేదో చూశాకే కూర్చునేవారు.

ఇది జరిగి పదేళ్లు దాటింది. సముద్రంలో తుఫాను పుడితే ఇక్కడ మాకు నాలుగు రోజులు వాన ఆగలేదు. వాన వెలిశాక పిల్లలకు వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. అప్పుడు బస్తీ మొత్తానికి ఒకటే బావి. నర్సమ్మగారు ఇంటింటికీ వెళ్లి కుండలోని నీళ్లు అడిగి తీసుకున్నారు. ఉడకబెట్టి కడిగిన సెలైన్ సీసాల్లో పోసి, ఏ ఇంటివో చీటీ అంటించి, వరండాలో తీగకు వరసగా కట్టారు.

ఎదురింటి మేస్త్రీ భార్య నవ్వింది. "ఏంది సిస్టరమ్మా, కల్లు దుకాణం గిట్ల పెట్టినవా?"

"పెట్టానే. ముందు నువ్వే తాగి రుచి చెప్పు."

అందరం నవ్వాం. ఆ వారంలోనే మేస్త్రీ భార్య మనవరాలిని ఆటోలో సర్కారు ఆస్పత్రికి తీసుకెళ్లారు. రెండేళ్ల పిల్ల. తిరిగి రాలేదు. ఆ తర్వాత సీసాల దగ్గర ఎవరూ నవ్వలేదు.

కట్టిన మూడో రోజుకే సీసాల అడుగున సన్నగా నీలం పేరుకుంది. బావికి ఎగువన, కొండ వాలులో, రాళ్లు కొట్టి వదిలేసిన గుంట ఒకటి ఉండేది. సెట్ల చెత్త, ఎంగిలి విస్తళ్లు, దొడ్ల నీళ్లు, మేం డబ్బాలు కడిగిన రంగునీళ్లు, అన్నీ అందులోకే. "రంగు దారి చూపిస్తోంది. ఆ దారినే మురుగు కూడా బావిలోకి దిగుతోంది" అన్నారావిడ. అర్జీ రాసి, ఆడవాళ్ల చేత వేలిముద్రలు వేయించి, మున్సిపల్ కార్యాలయం చుట్టూ తిరిగి, చివరికి ఒక ఆఫీసరును వెంటపెట్టుకుని వచ్చారు.

సెట్ల మేనేజరు కూడా వచ్చాడు. "తుఫానండీ. ఊరంతా బురదే. మా గుంటకేం సంబంధం? ఆ నీలం ఎవరో బట్టలకు పెట్టుకున్నదై ఉంటుంది."

ఆఫీసరు తల ఊపాడు. ఫైలు మూయబోయాడు. బస్తీలో సగం మందిమి ఆ మేనేజరు కిందే పని చేసేవాళ్లం.

తీగకు ఈ చివర సీసా మీద 'పెయింటరుగారి ఇల్లు' అని ఉంది. సరిగ్గా నా కళ్ల ముందే. ఆ నీలం నాకు తెలుసు. వెనకాల మేస్త్రీ భార్య నిలబడి ఉంది.

"అది నేను కలిపిందే సార్" అన్నాను.

"నీలమంటే అంతా నీలమేరా!" అన్నాడు మేనేజరు.

"కాదండి. ఇందులో చిటికెడు పచ్చ వేశాను. స్వర్గం సెట్టుకి, వెనక ఆకాశం. మిగిలింది గుంటలో పోసిందీ నేనే."

"రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

ఆఫీసరు ఫైలు మళ్లీ తెరిచాడు. నెల తిరిగేసరికి గుంట ఖాళీ చేయించారు, బావి మూయించారు, వీధికి పంపు వచ్చింది. పోయిన పిల్ల రాలేదు. మేస్త్రీ భార్య నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

కొన్నాళ్లకు నర్సమ్మగారిని అడిగాను, రంగు నాదని మీకు ముందే తెలుసా అని.

"మీ గోళ్లల్లో ఉంది కదండీ."

"మరి అడగలేదే?"

"అడిగితే కాదనేవారు. కాదన్నాక మళ్లీ అవుననడం మనిషికి కష్టం."

పని లేని ఆ రోజుల్లో నాచేత బస్తీ గోడలన్నిటి మీదా 'నీళ్లు కాచి తాగండి' అని రాయించారు. ఏ రంగుతో రాయమంటారంటే, "నీలంతోనే రాయండి, గుర్తుంటుంది" అన్నారు.

పంపు వచ్చినా ఆవిడ నమ్మి ఊరుకోలేదు. ప్రతి సోమవారం ఒక సీసా పంపునీళ్లు పట్టి తీగకు కట్టేవారు. ఇన్నేళ్లలో ఒక్క సోమవారం తప్పలేదు.

సమాధుల దగ్గర నుంచి వచ్చాక ఆవిడ ఇంటికి వెళ్లాను. వరండా తీగకు ఆఖరి సీసా ఉంది. చీటీ మీద పెన్సిలుతో 'సోమవారం' అని ఆవిడ రాత. మెట్ల కింద నిలబడి తలెత్తి, కళ్లు చికిలించి, అడుగున చాలాసేపు వెతికాను. నేను కలిపిన నీలం లేదు. గాలికి సీసా మెల్లగా తిరుగుతోంది. అందులోంచి ఆకాశం కనబడుతోంది.