గట్టు లేని ఇల్లు

కొత్త ఇంట్లోకి మారాక ఇకుయో పొద్దున్నే చేసే మొదటి పని గోడలు తుడవడం. మొగుడి పాత బనియను చేతికి చుట్టుకుని, వంటగది మూల నుంచి మొదలుపెట్టి, గోడా నేలా కలిసే చోటంతా గొంతుక్కూచుని జరుగుతూ తుడిచేది. రాత్రంతా కాంక్రీటుకు పట్టిన చెమట ఆ గుడ్డలోకి దిగేది. పిండితే వచ్చే బూడిదరంగు నీళ్లు వేళ్లకు జిగటగా అంటుకునేవి. తడిసిన కుక్క మీద ముల్లంగి ఊరగాయ ఒలికినట్టుండే ఆ వాసన, సబ్బుతో ఎంత రుద్దినా గోళ్ల కింద నుంచి పోయేది కాదు. అదే చేత్తో అన్నం ముద్దలు చేయాల్సి వచ్చేది.

పత్రికలో అచ్చయిన ఫొటోలో మాత్రం ఆ గోడ మబ్బులా ఉంది. "నిశ్శబ్దం నివసించే ఇల్లు" అని కింద రాశారు. నిశ్శబ్దంతోపాటు గోడ వెనక నల్ల బూజు, మూలల్లో వెండి పురుగులు కూడా నివసిస్తున్నాయని రాయలేదు.

వాళ్ల ఊరు తకావోకాలో ఎండ రోజుల కంటే వాన రోజులూ తడి మంచు పడే రోజులే ఎక్కువ. అక్కడ చూరు లేకుండా ఇల్లు కట్టడమంటే గొడుగు మూసి చంకలో పెట్టుకుని వానలో నడవడమే. ఇకుయో ఆ మాట పునాది తవ్వకముందే అంది. ఎవరూ వినిపించుకోలేదు.

అంతకుముందు ఆ స్థలంలో అత్తగారి ఇల్లు ఉండేది. వీధి తలుపు జరిపితే సిమెంటు నేల, చెప్పులు విడిచే చోటు. దాని అంచున మోకాలి ఎత్తు చెక్క గట్టు. గట్టెక్కితే ఇల్లు. అక్కడ ఎవరూ ఎవరినీ "లోపలికి రండి" అనరు, "పైకి రండి" అంటారు. పైకి వచ్చేంత తీరిక లేనివాళ్లు గట్టు మీద కూచుంటారు. కాళ్లు బయట ఉంటాయి, మిగతా మనిషి ఇంట్లో ఉంటుంది.

ఇకుయో బతుకంతా ఆ గట్టు దగ్గరే సాగింది. బట్టలు సరిచేసి కుట్టడం ఆమె పని. వచ్చిన ఆడవాళ్లు గట్టు మీద నిలబడితే, ఆమె కింద నిలబడి, నోట్లో గుండుసూదులు పెట్టుకుని, నడుం వంచకుండా లంగా అంచు మడిచేది. ఒకరి పని అయ్యేలోపు ఇంకొకరు పక్కన కూచుని కోడళ్లను తిట్టుకునేవాళ్లు. సూదులు నోట్లో ఉన్నాయి కాబట్టి ఇకుయో దేనికీ జవాబు చెప్పనక్కర్లేదు. అది ఆమెకు చాలా సుఖంగా ఉండేది.

వాళ్లందరిలో తొమి గారు వేరు. సోయా జున్ను తోఫూ అమ్మే కొట్టు నడిపిన ముసలావిడ. పెళ్లయి వచ్చిన కొత్తలో అత్తగారి నోటికి జడిసి ఇకుయో ఏడుస్తుంటే, గట్టు మీద కూచుని వేడి వేడి తోఫూ చెంచాతో తినిపించిన మనిషి. ఆమె ఏనాడూ పైకి రాలేదు. "పైకొస్తే మర్యాదలు మొదలవుతాయి. నువ్వు టీ పెట్టాలి, నేను వద్దనాలి. ఇక్కడే హాయి," అనేది.

ఇకుయో భర్త కజుహిసా కిటికీ చట్రాల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగమంతా పరాయి ఇళ్లకు చట్రాలు చేసిన మనిషికి, చట్రాలే కనబడని ఇల్లు కావాలనిపించింది. పత్రికలు తెప్పించుకున్నాడు. టోక్యో నుంచి హిబినో అనే ఆర్కిటెక్టును పిలిపించాడు. హిబినో వేసుకున్న నల్ల చొక్కాకు ఒక్క బొత్తం కూడా బయటికి కనబడదు. నక్షా చూస్తూ ఇకుయో వేలు పెట్టి వెతికింది.

"గట్టు ఎక్కడండీ?"

"లేదమ్మా. వీధి వైపు నేలే ఇంట్లోకి సాగుతుంది. ఒకే రాయి, ఒకే రంగు. బయటా లోపలా అనే గీత చెరిగిపోతుంది."

"మరి చెప్పులు?"

"ఎక్కడ విడవాలో కాలికే తెలుస్తుంది."

"కాలికే తెలిస్తే ఇంతమంది ఇన్నాళ్లూ గట్లెందుకు కట్టుకున్నారండీ?"

కజుహిసా కంగారుగా దగ్గాడు. "మా ఆవిడ కుట్టుపని మనిషి లెండి. నాలుగు గుడ్డపీలికలు కనబడకపోతే ఆమెకు ఊపిరాడదు." హిబినో నవ్వాడు. ఆ నవ్వులో పళ్లు కూడా అవసరమైనన్నే కనబడ్డాయి.

కాలికి తెలియలేదు. కొరియర్ మనిషి తలుపు తీయగానే పెట్టె పట్టుకుని కొంగలా ఒంటికాలి మీద ఆగిపోయేవాడు. "క్షమించండి, ఇది... లోపలేనా?" అత్తగారి సంవత్సరీకానికి వచ్చిన గుడి స్వామి, ఎందుకైనా మంచిదని వానలోనే చెప్పులు విడిచి తడి మేజోళ్లతో వచ్చాడు. మంత్రం చదువుతున్నంతసేపూ ఆ మేజోళ్ల నుంచి ఆవిరి లేస్తూనే ఉంది. "పైకి రండి" అనబోయి ఇకుయో నాలుక కరుచుకునేది. ఎక్కడికని పైకి?

కుట్టు మిషను కనబడకూడదన్నారు, దాన్ని బీరువాలోకి తోశారు. పెద్దల ఫొటోలుండే పూజాపెట్టె కూడా కనబడకూడదన్నారు, అదీ ఆ బీరువాలోకే పోయింది. ఇల్లంతా ఖాళీ స్థలమే, కానీ ఒక మనిషి నిలబడి లంగా కొలతలిచ్చే చోటు లేదు. ఆడవాళ్లు ఒక్కొక్కరే రావడం మానుకున్నారు. మధ్యాహ్నం ఒక సమయంలో ఎదుటి గోడ మీద ఎండ పడి, మెల్లిగా జారి నేల మీదికి దిగుతుంది. అది అందంగా ఉంటుందని ఇకుయో కాదనలేదు. ఆ ఎండలోనే నేల మీద రాలిన ప్రతి వెంట్రుకా విడివిడిగా కనబడేది కూడా.

మంచు బాగా పడుతున్న ఫిబ్రవరిలో, ఇల్లు చూపించడానికి హిబినో ఒక గుంపును వెంటబెట్టుకొచ్చాడు. చెప్పులు బయటే విడవమని అతను ముందే చెప్పాడు కాబట్టి అందరూ తెల్ల మేజోళ్లతో ఉన్నారు. గోడల్ని గుర్రాన్ని నిమిరినట్టు నిమిరారు. ఒకడు కళ్లు మూసుకుని "ఆహా" అన్నాడు. వాళ్లు వాడిన మరుగుదొడ్డిని మళ్లీ తనే కడగాలని ఇకుయో లోలోపల అసహ్యించుకుంటుండగా, వీధి తలుపు జరిగింది.

తొమి గారు. చంకలో మూట. "అమ్మాయ్, ఉన్నావా? మా చెల్లెలి సంవత్సరీకం, నల్ల గౌను బిగుతైపోయింది, కాస్త వదులు చేసి..." అంటూ నడిచింది. వీధి అరుగు మీది రాయే ఇంట్లోనూ ఉంది. ముసలి కళ్లు గట్టు కోసం చూశాయి. గట్టు రాలేదు. ఇంకా రాలేదు. గుంపు మధ్యకు వచ్చాక ఆమె తలొంచి చుట్టూ ఉన్న తెల్ల మేజోళ్లను చూసింది. తర్వాత తన రబ్బరు బూట్లను చూసింది. వాటి చుట్టూ కరిగిన మంచు, బురద, జారకుండా వీధిలో చల్లిన ఉప్పు కలిసి నల్లగా పారుతోంది.

ఎవరో కిసుక్కున నవ్వారు. హిబినో మొహం వెలిగిపోయింది. "చూశారా! గీత చెరిగిపోయింది. నేను మాటల్లో చెప్పలేనిది ఈవిడ చేసి చూపించింది!" ఒకమ్మాయి ఆ బూట్లను ఫొటో తీసింది.

తొమి గారు అప్పటికే మోకాళ్ల మీద ఉంది. మెడలోని మఫ్లరు తీసి, "తప్పయిపోయింది, తప్పయిపోయింది" అంటూ నేల తుడుస్తోంది. బురద ఇంకా వెడల్పవుతోంది. ఇకుయో కదల్లేదు. తెల్ల మేజోళ్లనీ, ఆ నవ్వునీ, పద్ధతిగా పక్కకు జరిగి దారిచ్చిన మొగుణ్ణీ చూస్తే రోత పుట్టింది. అన్నిటికంటే తన మీద తనకే ఎక్కువ. ఆమె తేరుకునేలోపు తొమి గారు గౌను మూటతో సహా వెళ్లిపోయింది.

మర్నాడు మిఠాయి పొట్లం పట్టుకుని ఇకుయో ఆమె ఇంటికి వెళ్లింది.

"నేను ముందే కేకేయాల్సిందండీ."

"ఏమని కేకేసేదానివి? పైకి రమ్మనా? ఎక్కడికి, కప్పు మీదికా?" తొమి గారు నవ్వబోయి ఆగిపోయింది. "ఇన్నేళ్లు బతికాను. బూట్లతో ఎవరింట్లోకీ పోలేదమ్మాయ్. మా వంటింటికి నిప్పంటుకున్ననాడు కూడా చెప్పులు విడిచే లోపలికి పరిగెత్తాను. నిన్న పోయాను. అంతమంది ఎదుట."

"ఆ గౌను ఇవ్వండి, రేపటికల్లా కుట్టి తెస్తాను."

"వద్దులే. సరిపెట్టుకుంటాను."

సరిపోలేదు. సంవత్సరీకం రోజు వీపు వెనక జిప్పు విడిపోతే, హీటరు ఎదుట ఓవర్‌కోటు తీయకుండా చెమటలు కక్కుతూ కూచుందని ఇకుయోకి తర్వాత తెలిసింది.

తొమి గారింటి నుంచి వచ్చిన సాయంత్రమే ఇకుయో మొగుడితో అంది. "ఏమండీ, వడ్రంగిని పిలుస్తాను. గుమ్మంలో చెక్క గట్టు వేయిద్దాం."

కజుహిసా హిబినోకి ఫోన్ చేశాడు. ఫోన్ పెట్టేసేసరికి అతని మొహం పాలిపోయింది. "వేసుకోండి, కానీ ఆ ఇల్లు నేను కట్టానని ఎక్కడా చెప్పకండి, అంటున్నాడు. ఒక చెక్కముక్క కోసం ఇంత కళను పాడుచేస్తామా?"

"తొమి గారు ఇక రారండీ."

"ఒక ముసలావిడ. ఏమీ లేని చోట మనసు ఎంత శుభ్రంగా ఉంటుందో నీకు తెలియదు."

ఇకుయో లేచి బీరువా తెరిచింది. గుప్పున వచ్చిన కంపుకు కజుహిసా ముక్కు మూసుకున్నాడు. పూజాపెట్టె వెనక చెక్కంతా బూజు బొచ్చులా పెరిగింది. అత్తగారి ఫొటో అద్దం లోపలికి కూడా పాకి, ఆవిడ పై పెదవి మీద మీసంలా నిలిచింది. బతికుండగా రోజూ రెండుసార్లు స్నానం చేసిన మనిషి.

కజుహిసా కాసేపు చూశాడు. తర్వాత చూపు తిప్పుకుని, "తుడువు," అన్నాడు.

ఆమె తుడవలేదు. కుట్టు మిషను బయటికి లాగింది.

స్టేషను సందులో మూతపడిన మంగలి కొట్టు ఉంది. ముందు సిమెంటు నేల, వెనక ఎత్తుగా చాపల గది, మధ్యలో ఎందరో కూచుని నున్నబడిన చెక్క గట్టు. ఆ వారంలోనే దాన్ని అద్దెకు తీసుకుంది.

"ఊళ్లో ఏమనుకుంటారు?" కజుహిసా వెంటబడ్డాడు.

"ఇల్లు ఖాళీగా ఉండాలన్నారు కదండీ. నన్నూ ఒక సామానే అనుకోండి."

పాత ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. తొమి గారు మాత్రం రాలేదు. ఇకుయో కబురు పెట్టలేదు. కబురు పెట్టి రప్పిస్తే అది మర్యాద అవుతుంది. వానలు మొదలయ్యాక ఒకరోజు ఆవిడ గొడుగు దులుపుకుంటూ తలుపు దగ్గర నిలబడింది. ముందు కాళ్లను చూసుకుంది. తర్వాత గట్టును చూసింది.

"పైకి రండి," అంది ఇకుయో.

"ఎందుకు, నీ టీ తాగలేక చావడానికా?" తొమి గారు గట్టు మీద కూచుంది. జిప్పు పోయిన నల్ల గౌను ఇకుయో ఒళ్లోకి విసిరింది.

ఇప్పుడు ఇకుయోకి అరవై మూడేళ్లు. ఆ చాపల గదిలోనే పడుకుంటుంది. కజుహిసా రాత్రి భోజనానికి వస్తాడు, తిని, తన కంచం తనే కడిగి, తన ఇంటికి వెళ్లిపోతాడు.