ఆయ్ అన్నదెవరు?

నేను తాగను. నాకు చెవుడూ లేదు. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే విన్నవాళ్లంతా ఈ రెండిట్లో ఏదో ఒకటి నాకు అంటగడుతున్నారు. జరిగింది జరిగినట్టే చెబుతాను... నా పరువు పోయినా సరే.

ఈ వేసవిలో ముమ్మిడివరం దగ్గర మా పాయకు వరంగల్ నుంచి స్రవంతి అనే కాలేజీ పిల్ల వచ్చింది. పరిశోధన కోసం ఫెలోషిప్ ఇచ్చి పంపారట. సముద్రప్పోటు ఎక్కేటప్పుడు పాయ నీళ్లలో ఉప్పు ఎంత పెరుగుతుందో చూడాలి. నా నావ మీద నేనే తిప్పేవాణ్ణి.

ఆ రోజు చీకటి పడ్డాక పోటు మొదలైంది. ఆ పిల్ల సీసాలు పట్టుకుని బురదదిబ్బ మీద దిగి, మడచెట్ల వెనక్కి వెళ్లింది. నేను నావ ముందు భాగాన గెడ పట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి వెనక వైపు కుంగింది... ఎవరో ఎక్కినట్టు.

"ఎక్కేరా అమ్మా?" అన్నాను. తల తిప్పలేదు.

"ఆయ్."

గెడ వేశాను. ఇక నా నోరు ఆగుతుందా?

"రొయ్యల చెరువుల మురికంతా ఈ పాయలోకే వదిలేస్తున్నారండీ. అడిగేవాడే లేడు!"

"ఆయ్."

"నేను బడికెళ్లలేదు గానీ, కాయితం ముక్క దొరికితే వదలకుండా చదివేనండీ. ఈ ఏరు ఎటు నుంచి ఎటు మళ్లిందో మీ సార్లు నన్నడగరేం?"

"ఆయ్."

ఎంత హాయిగా ఉందో! ఇంట్లో నన్ను ఒక్క మాటా పూర్తి చేయనివ్వరు.

అప్పుడు... బాగా దూరంగా, దిబ్బ వైపు నుంచి, సన్నగా...

"తాతా..."

గెడ ఆగిపోయింది. వరంగల్ పిల్ల కదా... మా వైపు వాళ్లలా 'ఆయ్' అనడం ఎప్పుడు నేర్చింది?

"అమ్మా... మీరేనా?"

నా వీపు వెనకే. మెల్లగా. మర్యాదగా...

"ఆయ్."

టార్చి వేశాను. ఎవరూ లేరు. కూర్చునే పలక మాత్రం తడిసి ఉంది... ఇంకా నీళ్లు కారుతున్నాయి.

నావ ఎలా మళ్లించానో తెలియదు. దిబ్బ మునిగిపోయింది. మోకాళ్లు దాటిన నీళ్లలో, సంచీ నెత్తిన పెట్టుకుని వణుకుతోంది ఆ పిల్ల.

"ఎంత మొత్తుకున్న తాతా! ఇనకుంట ఎవరితోనో ముచ్చట పెట్టుకుంట పోతున్నరు!"

"ఎవరైనా కనబడ్డారా అమ్మా?"

"చీకట్ల ఏం కనబడ్తది? మీ గొంతొక్కటే ఇనబడ్డది."

రేవులో వాళ్ల సారు కేకలేశారు, ఇంత ఆలస్యమేమిటని. "సీసా జారిపోతే ఎతికిన సార్. తప్పు నాదే," అందా పిల్ల. నేను పక్కనే ఉన్నాను. అంత వాగిన నోరు పెగల్లేదు.

అది నీళ్ల చప్పుడో, నా చెవులో, మరేమిటో... ఇప్పటికీ తెలియదు. ఒక్కసారి తల తిప్పి చూసుంటే తెలిసేది. చెప్పుకునే సంబరంలో ఉన్నాను.