మనవడికి భారీ పడిన పేరు

దయ్యాలను, దిష్టిని, తాయెత్తులను నేను ఏనాడూ నమ్మలేదు. జహీరాబాద్‌లో ముప్పై ఏళ్లు లెక్కల మాస్టరుగా పనిచేశాను. చూసింది చూసినట్టు, వేళతో సహా రాసి పెట్టుకుంటాను. ఇదీ అలా రాసుకున్నదే.

మా ఇంట బిడ్డ పుడితే చెవిలో అజాన్ వినిపిస్తాం. తరువాత ఇంటి పెద్ద ఆ బిడ్డ పేరును కుటుంబ పుస్తకంలో రాస్తాడు. నా తొలి మనవడికి నేను జలాలుద్దీన్ అని రాశాను. సుల్తానులు ధరించిన పేరు, సూఫీ వలీలు ధరించిన పేరు. ఎంతో గర్వంగా రాశాను.

మరునాడే జ్వరం మొదలైంది. దవాఖానలో చేర్చాం. పరీక్షలలో ఏ దోషమూ కనబడలేదు. తొమ్మిది రోజులు జ్వరం నూట రెండు కిందికి దిగలేదు. బిడ్డ పాలు మానేశాడు.

మా అక్కను ఆపా అంటాను. ఆమె వార్డు బయటే నన్ను నిలదీసింది.

"పేరు భారీ పడ్డది తమ్మీ. సుల్తాన్ల పేరు, వలీల పేరు! గీ చిటికెడంత పోరడు ఎట్ల మోస్తడు? మార్చు."

"జ్వరానికి చదువొస్తదా ఆపా, పేరు చూసి వచ్చెతందుకు?"

"నీకొచ్చిన చదువు ఏం అక్కరకొచ్చింది? పోరడు పోతుండు రా!"

పదో రోజు మధ్యాహ్నం ఇంట్లో ఒక్కణ్ణే ఉన్నాను. నమ్మి కాదు, ఏమీ చేయలేని కోపంతో, పుస్తకంలో ఆ పేరు కొట్టేసి నయీం అని చిన్న పేరు రాశాను. అప్పుడు సమయం రెండు గంటల పది నిమిషాలు. ఎవరికీ చెప్పలేదు. రెండున్నరకు ఆపా ఫోన్ చేసింది.

"తమ్మీ, చెమట పట్టింది. కండ్లు తెరిచిండు, పాలు తాగుతుండు!"

మందు పనిచేసిందన్నారు డాక్టరు. అదే మందు అయిదు రోజులుగా ఇస్తున్నారు.

బిడ్డ ఇంటికి వచ్చాక నాకు ఊరట కన్నా ఉక్రోషమే ఎక్కువైంది. అది కాకతాళీయమని తేల్చాలనుకున్నాను. ఒక ఉదయం పది గంటలకు, రహస్యంగా, మళ్లీ జలాలుద్దీన్ అని రాశాను. పదకొండున్నరకు బిడ్డ ఒళ్లు కాలిపోతోందని కోడలు కేక వేసింది. నూట మూడు. పరుగున వెళ్లి ఆ పేరు కొట్టేశాను. ఒంటిగంటకు జ్వరం లేదు.

ఈ పని చేసినందుకు సిగ్గుపడుతున్నాను. ఆపాకు ఇంతవరకు చెప్పలేదు.

రెండుసార్లు జరిగినంత మాత్రాన రుజువు కాదని పిల్లలకు నేనే పాఠం చెప్పాను. మూడోసారి రాసి చూస్తే తేలవచ్చు. కారణం తెలుసుకోవడానికి నాకు వేరే దారి కనబడడం లేదు. నిన్న కలం తీశాను కూడా. పక్క గదిలో నయీం ఊ కొడుతున్నాడు. ఏమీ రాయలేదు.