నార లాగి చూసిన వేళ్ళు

కర్నూలులో మేం కూలికి పోయిన కాగితాల తయారీ సాయెబు వెదురు నారను సోడాతో ఉడికించేటప్పుడు గడియారం చూసేవాడు కాదు. చిటికెడు నార తీసి, కడిగి, వేళ్ళ మధ్య లాగేవాడు. జిగురు కరిగి, నార మాత్రం గట్టిగా నిలిచిందనిపిస్తే మంట ఆర్పించేవాడు.

ఆయన కాగితం గోధుమరంగు. భూముల పత్రాలు రాసే సర్కారు కచేరీవాళ్ళు తెల్లనిది అడిగారు. ఇస్తే మా అందరికీ ఏడాదంతా పని. ఆయన నమాజుకు పోయినప్పుడు నేనే ఇంకో చేటెడు సోడా వేశాను, తర్వాత బ్లీచింగు పొడీ దండిగా కలిపాను. కాగితం పాలలా వచ్చింది.

సాయెబు ఒక తావు మడిచాడు. మడత దగ్గర పుటుక్కున విరిగింది.

"మురికితో పాటు పాణం గూడా తీసినావు గదప్పా!"

"తెల్లగ ఉండాది, ఇచ్చేద్దాం సాయెబూ. మడిచి సూసేదెవురు?"

"దీని మింద పేదోని భూమి రాస్తారు. వాని మనవడు మడత ఇప్పుతాడు."

అంతా దిబ్బలో పోయించాడు. కచేరీవాళ్ళిచ్చే ఏడాది పని మాకు దక్కకుండా పోయింది.

జిగురు కరిగించే మందు ఎక్కువైతే నారనూ తినేస్తుందని ఎన్నో ఏళ్ళ తర్వాత పుస్తకంలో చదివాను. అక్షరం రాని ఆ వేళ్ళకు అది ముందే తెలుసు! ఆయన్ను మొరటువాడని కచేరీ పెద్దలు వేరేచోట కొన్న తెల్ల కాగితాలు ఇప్పుడు ముట్టుకుంటే పొడి అవుతున్నాయి. బడికి పోని నేను అక్షరాలు దిద్దుకున్న ఆయన గోధుమరంగు తావును ఇప్పుడే మడిచి, విప్పి, మళ్ళీ మడిచాను.