కుప్పుస్వామి నాలుగో మెట్టు

2023 మే 16, మంగళవారం, ఉదయం పదిన్నర గంటలు. రోహిణి కార్తె ఇంకా రాకముందే తిరుపతి బస్టాండు ఎదుట తారు మెత్తబడుతోంది. గిరాకీ లేని ఫోటో స్టూడియోలో మునిచంద్ర "అబ్బా!" అని నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పు ముగిసేలోగా గుమ్మంలో కుప్పుస్వామి ప్రత్యక్షమయ్యాడు.

తపాలా ఉద్యోగం నుండి విరమణ పొందిన ఆ పెద్దమనిషికి ఒకటే జబ్బు: ఎవరు విసుక్కున్నా అక్కడొక కొత్త వ్యాపారం కనిపెట్టడం. అదీ అల్లాటప్పాగా కాదు, క్రమపద్ధతిలో.

"మొదటి మెట్టు, విసుగు వినాల. రెండోది, దానికి ఇంకో అంగడి సరుకు తగిలించాల. మూడోది, గట్టిగా సెప్పాల."

"నాలుగోది?"

"అది సెప్పకూడదప్పా."

సెల్‌ఫోన్ల ధాటికి స్టూడియో మూతపడే దశకు వచ్చింది. నెలాఖరుకు తాళం వేయాలని మునిచంద్ర నిశ్చయించుకున్నాడు. కుప్పుస్వామి మాత్రం రోజూ ఒక ఉపాయంతో దిగేవాడు.

"ఫోటోలో అందురి చేతా కండ్లు మూయించు మునీ! భక్తిగానూ ఉంటాది, రెప్ప పడిందని గొడవా ఉండదు."

"నీకు దండం పెడతా, పోన్నా!"

ఒకనాడు గంపెడు దువ్వెనలతో వచ్చాడు. "కొండకు పొయ్యి గుండు కొట్టిచ్చుకోనొచ్చినోళ్లకు ఫోటోతో పాటు దువ్వెన ఇయ్యి."

మునిచంద్రకు ఒళ్లు మండింది. "గుండుకు దువ్వెనేందన్నా! కొండెక్కే ముందు జుట్టుతో ఒకటి, దిగినాక గుండుతో ఒకటి, రెండూ ఒకే ఫ్రేములో పెట్టిస్తే కొంటారు గానీ..."

మాట మధ్యలోనే ఆగిపోయింది. "నీ బుర్రే బుర్ర!" అని కుప్పుస్వామి చప్పట్లు కొట్టాడు.

మునిచంద్ర ఆ జంట ఫోటోలు మొదలుపెట్టగానే పుట్టువెంట్రుకలు తీయించే పిల్లల తల్లిదండ్రులు బారులు తీరారు. స్టూడియో నిలిచింది. బోర్డు మీద "మా సొంత ఆలోచన" అన్న మాట వెలసింది. కుప్పుస్వామి మరో ఉపాయంతో వచ్చినప్పుడు మునిచంద్ర పదిమందిలో, "పిచ్చి మాటలకు ఈడ చోటు లేదు, బయటికి పోన్నా" అన్నాడు. ఆయన నవ్వి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

పక్కనే మజ్జిగ అమ్మే చెంగమ్మ ఒకరోజు అడిగింది. "ఆ సామి యాడికి పాయె? మిట్టమద్దినం వేన్నీళ్లు అమ్మమన్నాడు నన్ను. 'మజ్జిగైతే తాగుతారు గానీ' అని తిట్టినాను. ఆ తిట్టే నాకు కూడు పెడతా ఉండాది."

తన జంట ఫోటోల ఆలోచన కూడా అలా తిట్టులోంచే పుట్టిందని మునిచంద్రకు అప్పుడు తట్టింది.

కూతురి వద్ద ఉన్నాడని తెలిసి శ్రీకాళహస్తికి పరుగెత్తాడు. కుప్పుస్వామి అరుగు మీద కూర్చుని, పక్కింట్లో ఉండే, కలంకారీ చీరల పనిలో ఆరితేరిన మోహనకు హితబోధ చేస్తున్నాడు.

"చీర ఖరీదని ఎనక్కి పోతాండారు గదమ్మా, సగం చీర అమ్ము!"

మునిచంద్ర చేతులు జోడించి, "అన్నా, ఆ పొద్దు నేను..." అనబోయాడు. కుప్పుస్వామి పెదవిపై వేలుంచి వారించాడు.

"సగం చీర ఎవురు కట్టుకుంటారు తాతా! ఆ ముక్కతో సంచి కుడితే..." మోహన ఆగిపోయింది.

"తిట్లు తినేదే నాలుగో మెట్టప్పా," అని కుప్పుస్వామి మునిచంద్ర చెవిలో అన్నాడు.

స్టూడియో నేటికీ నడుస్తోంది. బోర్డు మీది "సొంత" అన్న మాటను మునిచంద్ర చెరిపించాడు. ఆనాడు తాను అన్న మాటను చెరిపే రంగు మాత్రం ఏ అంగడిలోనూ దొరకలేదు. మోహన సంచులు అమ్ముతోంది. కుప్పుస్వామి ఇంతవరకు ఏ వ్యాపారమూ పెట్టలేదు.