సైకిల్ రాదన్నాను

బాటనీతో బీఎస్సీ పాసైన ఏడాది, హనుమకొండలో అటవీ నర్సరీ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లాను. తోడొచ్చిన నాన్న గుమ్మంలోనే నిలబడ్డాడు. టేకు, కానుగ, నల్లమద్ది ఆకులు చూపిస్తే అన్నిటి పేర్లూ చెప్పాను.

"మంచిగ చెప్పినవమ్మా. మొక్కలు చూడ ఊర్లు తిరగాలె. సైకిల్ తొక్కుడొస్తదా?" అన్నాడు ఆఫీసరు.

ఆడపిల్లలు సైకిలెక్కితే నాన్నకు గిట్టదు. ఆయన లేనప్పుడు మా కొత్తవాడ సందుల్లో తమ్ముడి సైకిల్ మీద అప్పటికే దొంగచాటుగా నేర్చుకున్నాను.

"రాదు సార్" అన్నాను.

ఉద్యోగం నా తర్వాత ఇంటర్వ్యూకి వెళ్లిన అమ్మాయికి వచ్చింది. నెల తర్వాత బజారులో కనిపించి, "నాకు సైకిల్ రాదక్కా. వస్తదని చెప్పిన. ఇప్పుడు నేర్చుకుంటాన" అని నవ్వింది.

"మా బిడ్డ అన్నీ చెప్పింది. సిఫారసు లేదని ఇయ్యలే" అని నాన్న ఇప్పటికీ అందరితో అంటాడు. నేను పక్కనే ఉండి వింటాను.